పెరట్లో పిట్టల్ని చూడడం – 4వ పాఠం: ముందేం జరిగింది, తర్వాతేం జరిగింది

పోయిన పాఠంలో ఒకే పని చెప్పాను. పెరట్లో ఒక పిట్టను ఎంచుకోండి, పది నిమిషాలు దాన్నే చూడండి, అది చేసిందల్లా రాయండి అన్నాను. మీరు పంపిన కాగితాలన్నీ చదివాను. ఈసారి పిట్టల మధ్య తగాదాలు, హెచ్చరిక కూతలు మొదలుపెడదామనుకున్నాను. వాటి సంగతి చివర్లో కొంత చెబుతాను. ముందు ఈ కాగితాల లెక్క తేలాలి, ఎందుకంటే ఇక్కడ అడుగు తప్పితే తర్వాతి పాఠాలేవీ నిలబడవు.

ఒక కాగితంలో ఇలా ఉంది: "మధ్యాహ్నం ఒంటిగంట. గోడ మీద కాకి. పాపం దాహంతో నోరు తెరుచుకుని అల్లాడుతోంది. గిన్నెలో నీళ్లు పెట్టాను. తాగలేదు. ఎగిరిపోయింది." ఇదే మాటను చాలామంది రకరకాలుగా రాశారు. గోరింకకు దాహం అని కొందరు, పికిలిపిట్టకు ఆయాసం అని కొందరు, కాకికి ఒంట్లో బాగాలేదని ఇంకొందరు.

ఇందులో కంటితో చూసింది ఎంత? నోరు తెరిచి ఉంది, అంతే. దాహం ఎక్కడా కనబడదు. మనకు నోరెండితే ఎలా ఉంటుందో అది కాకికి అంటగట్టేశాం. నీళ్లు పెట్టడం మంచి పనే, రోజూ పెట్టండి. నాకు బాధ కలిగించేది వేరే ఉంది. "దాహం" అని రాసిన క్షణానే చూడడం ఆగిపోయింది. రెక్కలు ఒంటికి అంటుకుని ఉన్నాయా, కాస్త ఎడంగా ఉన్నాయా? ఈకలు ఉబ్బి ఉన్నాయా, అణిగి ఉన్నాయా? గొంతు కదులుతోందా? ఎండలో కూర్చుందా, నీడలోనా? కాకి ఇవన్నీ మీ కళ్లముందు పెట్టింది, ఒక్కటీ కాగితం మీదికి రాలేదు. కారణం దొరికిపోయిందనుకున్న మనిషి ఇంకేం వెతుకుతాడు?

అసలు జరిగిందేమిటో చూద్దాం. పక్షులకు చెమట గ్రంథులు లేవు. వాటి ఒంటి వేడి మామూలుగానే 40 నుంచి 42 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. ఎండ ముదిరినప్పుడు ఆ వేడిని బయటికి పంపడానికి వాటికున్న పెద్ద దారి ఊపిరే. ముక్కు తెరిచి గబగబా ఊపిరి తీస్తే నోట్లోని, గొంతులోని తడి ఆవిరై పోతుంది, దాంతోపాటు వేడీ పోతుంది. ఎండలో కుక్క నాలుక చాపి వగర్చినట్టే. అదే సమయంలో కాకి ఈకల్ని ఒంటికి అణుచుకుంటుంది, రెక్కల్ని భుజాల దగ్గర కొద్దిగా ఎత్తి పట్టుకుంటుంది, చంకల్లో గాలి ఆడుతుంది. అప్పుడే కడుపునిండా నీళ్లు తాగొచ్చిన కాకి కూడా ఎండలో ఇలాగే కూర్చుంటుంది. మీరు పెట్టిన గిన్నె ముట్టకపోవడంలో వింత లేదు. ఎగిరిపోవడానికి కారణం కూడా ఆ కాగితంలోనే ఉంది: గిన్నె పట్టుకుని మీరు దగ్గరికి వెళ్లారు.

ఇక్కడితో ఆగితే మీరు "నోరు తెరిస్తే వేడి" అని ఇంకో సూత్రం రాసుకుంటారు. అది మొదటిదానికంటే ప్రమాదం, ఎందుకంటే సగం నిజం. తెరిచిన ముక్కునే ఇంకో మూడు చోట్ల చూద్దాం.

ఉదయం ఎండలో గువ్వ నేల మీద ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది. ఒక రెక్క పైకెత్తింది, తోక విసనకర్రలా పరిచింది, కళ్లు సగం మూసింది. బాబ్లర్లూ (గుంపుగా తిరుగుతూ గోల చేసే మట్టిరంగు పిట్టలు) గోరింకలూ ఇలా చేసేటప్పుడు ఈకలన్నీ రేగి ఉంటాయి, ముక్కు కూడా తెరిచి ఉంటుంది. చూసినవాళ్లు దెబ్బ తగిలిందని, చచ్చిపోతోందని పరుగెత్తుతారు. అది ఎండ కాగుతోంది. ఈకల్లో చేరిన పేలను వదిలించుకోవడానికని ఒక వివరణ, తోక మొదట్లో ఉండే గ్రంథి నుంచి తీసి పూసుకున్న నూనె ఈకల మీద బాగా పరుచుకోవడానికని ఇంకొకటి ఉన్నాయి. దెబ్బ తగిలిన పిట్టకూ దీనికీ తేడా ఎలా తెలుస్తుంది? ఆ భంగిమను ఎంతసేపు చూసినా తెలియకపోవచ్చు. ఆగండి. కొద్ది నిమిషాల్లో ఎండ కాగే పిట్ట లేచి ఒళ్లు దులుపుకుంటుంది, ముక్కుతో ఈకలు సర్దుకోవడం మొదలుపెడుతుంది. దెబ్బ తగిలింది ఆ పని చేయదు. జవాబు తర్వాత వచ్చింది చూశారా?

రెండోది పిల్ల. గూడు వదిలిన కొత్తలో కాకిపిల్ల, గోరింకపిల్ల దాదాపు తల్లి అంత ఉంటాయి, అందుకే అందరూ మోసపోతారు. ముక్కు మూలల్లో మెత్తటి అంచు, తోక కాస్త పొట్టి. ఒళ్లు కిందికి వంచి, రెక్కలు వణికిస్తూ, ముక్కు బార్లా తెరిచి అరుస్తుంది. ఆ నోరు ఎటు తిరిగిందో చూడండి, ఎప్పుడూ తిండి తెచ్చే పిట్ట వైపే. ఒకరు "మగ గోరింక పెళ్లానికి ముద్దుగా తినిపిస్తోంది" అని రాశారు. కొట్టిపారేయలేను, ఎందుకంటే రామచిలుకల్లో, లకుముకిపిట్టల్లో మగది ఆడదానికి నిజంగానే తినిపిస్తుంది. గూట్లో గుడ్ల మీద కూర్చున్న ఆడకాకి, మగకాకి తిండి తేగానే అచ్చం పిల్లలాగే రెక్కలు వణికిస్తుంది. మరి ఎలా తేల్చాలి? మళ్లీ ముందూ తర్వాతే. తిన్నాక కూడా వెంటపడి అరుస్తూ, మధ్యమధ్యలో కనబడిన పుల్లనూ ఆకునూ తెలియనితనంగా పొడిచి చూస్తూ ఉంటే అది పిల్ల. తిన్నాక జతకట్టినా, పుల్ల పట్టుకుని గూటివైపు వెళ్లినా అది జంట. ఒక్కోసారి కాకి తినిపించేది కోయిలపిల్లకు. దానికైతే చాలా ఓపిక కావాలి, అరుపు కూడా వినాలి.

మూడోది బెదిరింపు. గింజ దగ్గర రెండు గోరింకలు. ఒకటి ఒళ్లు నేలకు దించి, మెడ చాచి, ముక్కు తెరిచి ఇంకోదాని వైపు చూపింది. రెండోది పక్కకు జరిగింది. ముక్కు ముక్కుకు తగల్లేదు. దీన్నే ఇద్దరు "కబుర్లు చెప్పుకుంటున్నాయి" అని రాశారు.

ఎండ, పేలు, ఆకలి, తగవు. నాలుగింటిలోనూ ముక్కు తెరిచే ఉంది. ఏది ఏదో ఆ ముక్కును చూస్తే తెలియదు. దానికి ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది అన్నది చూస్తేనే తెలుస్తుంది. అందుకే ఇకనుంచి మీ కాగితానికి మూడు నిలువు గళ్లు ఉంటాయి: ముందు, అప్పుడు, తర్వాత. కారణానికి గడి లేదు. ఎక్కడా పెట్టకండి, చివర్లో కూడా. కారణం గురించి ఆలోచించడానికి ఆరో పాఠం ఉంది.

"ముందు" గడిలో చాలాసార్లు ఉండేది మీరే, ఇది మరిచిపోవద్దు. పికిలిపిట్ట ముక్కున పురుగు పట్టుకుని, మింగకుండా, ఒకే కొమ్మ మీద అటూ ఇటూ గెంతుతూ అరుస్తోందంటే పక్కనే గూడు ఉంది, మీరు ఉన్నారని లోపలికి వెళ్లడం లేదు. అక్కడ మీ పది నిమిషాల పాఠం ఆపేయండి. అక్కడి నుంచి వెనక్కి వెళ్లిపోండి, పిట్ట గూట్లోకి వెళ్లేంత దూరం. పిల్లల తిండి ఆపి నేర్చుకునే పాఠం నాకొద్దు.

ఇక రెండో చిక్కు. మీలో సగంమంది కాగితాల్లో ఒకటికి నాలుగు పిట్టలున్నాయి. తేనెపిట్ట నిమిషంలో ఎగిరిపోయింది, అక్కడ ఉడుత కనబడింది, దాని తర్వాత కాకి. చూడ్డానికి ఇంపుగా ఉన్నదాని వెంట కన్ను పరుగెడితే గొడవలూ పాటలూ మాత్రమే కాగితానికెక్కుతాయి, రోజులో ఎక్కువ భాగం పిట్ట ఊరికే కూర్చుని ఉంటుందన్న సంగతి మాయమవుతుంది. 1974లో జీన్ ఆల్ట్‌మన్ అనే శాస్త్రవేత్త జంతువుల ప్రవర్తనను ఎలా నమోదు చేయాలన్న దాని మీద రాసిన వ్యాసం ఈ విషయాన్నే విడమరిచింది: ఒక జీవిని ఎంచుకో, ఎంతసేపో ముందే నిర్ణయించుకో, ఆ సమయమంతా దాన్నే చూడు. ఇప్పటికీ ఈ రంగంలో పనిచేసేవాళ్లు ఆ వ్యాసంతోనే మొదలుపెడతారు. పిట్ట కనుమరుగైతే సున్నా వేయండి. గడియారం ఆపకండి, పిట్టను మార్చకండి. తేనెపిట్ట పది నిమిషాల్లో ఎనిమిది నిమిషాలు కనబడలేదంటే, అది మీ పెరటికి ఎలా వచ్చి పోతుందో ఆ సున్నాలే చెబుతాయి.

రాయడం ఆలస్యమై పిట్ట తప్పిపోతోందని చాలామంది బాధపడ్డారు. నేను వాడే గుర్తులు ఇస్తున్నాను, మీకు నచ్చినట్టు మార్చుకోండి. ప్రతి 30 సెకన్లకు ఒక గుర్తు. కూ – కూర్చుంది. తి – తింటోంది. స – ఈకలు సర్దుకుంటోంది. రు – ముక్కును కొమ్మకేసి రుద్దుతోంది. చూ – తల తిప్పి చుట్టూ చూస్తోంది. పా – కూత గానీ పాట గానీ. 0 – కనబడలేదు. మధ్యలో ఏదైనా విశేషం జరిగితే దానికి మాత్రం మూడు గళ్లూ నింపండి. పెన్నుకంటే పెన్సిల్ మేలు. ఫోన్ లోపల పెట్టి రండి. వీడియో తీసి తర్వాత చూస్తామంటారు, ఎవరూ చూడరు.

బైనాక్యులర్ గురించి అడిగారు. ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది ఉంటే తేనెపిట్ట గొంతు మీది రంగు చూడ్డానికి బాగుంటుంది. ఈ పాఠానికి మాత్రం వద్దు. పిట్ట పెద్దగా కనబడుతుంది గానీ దాని పక్కకొచ్చిన రెండో పిట్ట గాజు అంచు బయట ఉండిపోతుంది. గోరింక ఎందుకు ఎగిరిందో తెలియాలంటే దాని చుట్టూ మూడు గజాల జాగా కంటికి ఆనాలి.

ఇప్పుడు అసలు ఈ వారం చెప్పాల్సింది, కొద్దిగా. ఇద్దరి మధ్య జరిగేది చూడడానికి నీళ్ల గిన్నెను మించిన చోటు లేదు. ఒక పిట్ట ఉన్నచోటికి ఇంకోటి వచ్చి, మొదటిది జరిగి, వచ్చింది సరిగ్గా ఆ చోట నిలబడితే దాన్ని ఒక "తోపు"గా రాయండి. ఎవరు వచ్చారు, ఎవరు జరిగారు. మొదటిది తనంతట తాను ఎగిరిపోయాక రెండోది వస్తే అది లెక్కలోకి రాదు. నార్వేకు చెందిన జంతుశాస్త్రవేత్త తోర్లైఫ్ షెల్డెరప్-ఎబ్బె చిన్నప్పటి నుంచే కోళ్లను ఇలా చూశాడు, ఏది దేన్ని పొడుస్తుందో రాసుకుంటూ పోయాడు. ప్రతి గుంపులోనూ పైనుంచి కిందిదాకా ఒక వరస ఉంటుందని 1922లో ప్రచురించాడు. మీ గిన్నె దగ్గర వేర్వేరు జాతులు కలుస్తాయి కాబట్టి అంత చక్కటి వరస రాకపోవచ్చు. పొద్దున గోరింకకు జరిగిన పికిలిపిట్ట సాయంత్రం జరక్కపోవచ్చు. అలాంటిది కనబడితే దాని కింద గీత పెట్టండి.

కూతల్లో ఈసారికి రెండే. పెరడంతా చప్పున మౌనమైపోతే గిన్నెను వదిలేసి పైకి చూడండి, డేగ ఉండొచ్చు. అలాంటప్పుడు చాలా చిన్న పిట్టలు సన్నగా, పొడుగ్గా, పైస్థాయిలో ఒక కూత కూస్తాయి. అది ఎటునుంచి వస్తోందో మనకు అంతు చిక్కదు. పిల్లినో పామునో చూసినప్పుడు మాత్రం కరకరలాడే కూత, తెగుతూ తెగుతూ వస్తుంది, ఏ పొదలోంచో చెవికి వెంటనే తెలుస్తుంది. 1955లో పక్షుల కూతల మీద పనిచేసిన శాస్త్రవేత్త పీటర్ మార్లర్ ఈ తేడాకు కారణం చూపించాడు: మొదటి కూత దాక్కోవడానికి, కూసిన పిట్ట జాడ డేగకు తెలియకూడదు. రెండోది అందర్నీ పిలవడానికి, జాడ తెలిసి తీరాలి. బాబ్లర్ల గుంపు ఒక పొద చుట్టూ చేరి గోల చేస్తుంటే అవన్నీ ఎటు చూస్తున్నాయో గమనించండి. వాటి ముక్కులన్నీ ఒకే చోటికి చూపుతుంటాయి, పిల్లి అక్కడే ఉంటుంది.

అభ్యాసం. ఒకే చోటు, ఒకే వేళ, వరసగా మూడు రోజులు. రోజుకు ఇరవై నిమిషాలు, 30 సెకన్లకో గుర్తు, అంటే రోజుకు 40 గుర్తులు. మూడు గళ్ల కాగితం పక్కన వేరే. పాపం, సంతోషం, కోపం, ఆట, దాహం, ముద్దు – ఈ ఆరు మాటలు కనబడిన కాగితాన్ని నేను చదవను, తిరిగి మీకే వస్తుంది. మూడో రోజు అయ్యాక మీ కాగితాన్ని ఆ పిట్టను చూడని ఒక మనిషికి ఇవ్వండి. అందులో ఏదో ఒక విశేషం చదివి, ఆ మనిషి లేచి నిలబడి పిట్ట చేసినట్టు చేసి చూపాలి: మెడ ఎక్కడ, రెక్కలు ఎలా, నోరు ఎటు, తర్వాత ఏం చేసింది. ఎక్కడ ఆగి మిమ్మల్ని అడిగితే అక్కడ మీరు చూడడం మానేశారన్నమాట. ఆ చోట సున్నా చుట్టి, ఆ సున్నాలతోనే నాకు పంపండి.