ఏసీని 26, 27 డిగ్రీల్లో పెట్టి హాయిగా పడుకోవడం ఎలా?

రిమోట్‌లో 18 నొక్కినంత మాత్రాన గది తొందరగా చల్లబడదు. ఇన్వర్టర్ కాని మామూలు ఏసీలో కంప్రెసర్‌కి, అంటే బయటి యూనిట్‌లో గ్యాస్‌ను నొక్కే యంత్రానికి, తెలిసినవి రెండే: తిరగడం, ఆగడం. 18 పెట్టినా 26 పెట్టినా తిరుగుతున్నంతసేపు ఇంచుమించు అదే కరెంటు లాగుతుంది, అంతే చల్లదనం ఇస్తుంది. ఎప్పుడు ఆగాలో చెప్పడం వరకే ఆ అంకె పని. ఇన్వర్టర్ ఏసీ మొదట జోరుగా తిరిగి, సెట్ చేసిన అంకె దగ్గరపడేకొద్దీ వేగం తగ్గించుకుంటుంది. 18 పెడితే దానికి నెమ్మదించే అవకాశమే రాకపోవచ్చు. కాబట్టి కంప్రెసర్ ఎంతసేపు ఆగింది, ఎంత నెమ్మదించింది అన్నదాన్ని బట్టే కరెంటు మిగులుతుంది.

బయట 38 డిగ్రీలుండి లోపల 22 ఉంటే తేడా 16. లోపల 27 అయితే తేడా 11కి దిగుతుంది. గోడలు, కప్పు గుండా లోపలికొచ్చే వేడి ఈ తేడాను బట్టే ఉంటుంది కాబట్టి దాదాపు మూడో వంతు తగ్గినట్టే. కిటికీలోంచి పడే ఎండ, గదిలోని మనుషులు, టీవీ ఇచ్చే వేడి మాత్రం తగ్గవు. అందుకే బిల్లులో ఆదా అంత ఉండదు. ఒక్కో డిగ్రీకి సుమారు 6 శాతం అని సాధారణంగా చెబుతుంటారు. గదిని బట్టి అది అటూ ఇటూ అవుతుంది.

ముందు కంప్రెసర్ ఆగుతోందో లేదో చూడండి

ఇది చూడకుండా అంకె మార్చి లాభం లేదు. రాత్రి తలుపులు మూసి, 24లో పెట్టి, గంట తర్వాత బయటి యూనిట్ దగ్గర చెవి పెట్టండి. మామూలు ఏసీ అయితే టక్కుమని ఆగి, కొన్ని నిమిషాల తర్వాత మళ్లీ మొదలవ్వాలి. ఇన్వర్టర్ అయితే హోరు తగ్గి సన్నని శబ్దం మిగలాలి. గంట దాటినా ఆగట్లేదంటే గది 24కి చేరనే లేదన్నమాట. గది 26 దగ్గరే ఉండిపోతే, 24 నుంచి 25కి మార్చినా మీటర్‌లో తేడా కనపడదు.

అలాంటప్పుడు ఏసీ వేసిన పావుగంటకు లోపలి యూనిట్ పైన గాలి పీల్చేచోట ఒకసారి, చల్లగాలి వచ్చేచోట ఒకసారి థర్మామీటర్ పెట్టి చూడండి. మధ్య తేడా 8 నుంచి 12 డిగ్రీలుంటే ఏసీ బాగానే ఉంది. అప్పుడు తలుపు కింది సందు, కిటికీ అంచులు, ఎండ నేరుగా పడే అద్దాల సంగతి చూడాలి. అద్దానికి లోపలి కర్టెన్ కన్నా బయట నీడ చాలా మేలు, ఎందుకంటే లోపలికి వచ్చేసిన ఎండ కర్టెన్‌ను వేడెక్కించి గదిలోనే ఉండిపోతుంది. తేడా 8 కన్నా తక్కువుంటే ముందు ఫిల్టర్లు కడగండి. దుమ్ము లేని వైపు నుంచి నీళ్లు పోస్తే పట్టిన దుమ్ము బయటికి తోసుకొస్తుంది. దుమ్ము పట్టిన వైపు నుంచి పోస్తే జాలీలోకే దిగబడుతుంది. వేణ్నీళ్లు వద్దు, నీడలో ఆరబెట్టాలి. ఏసీ రోజూ వాడే కాలంలో రెండు వారాలకోసారి కడగాలి. కడిగినా తేడా పెరగకపోతే కాయిల్ (గాలిని చల్లబరిచే గొట్టాలు), గ్యాస్ చూడ్డానికి మెకానిక్‌ని పిలవాల్సిందే.

రిమోట్ అంకె వేరు, మంచం దగ్గరి వేడి వేరు

ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్ చాలా ఏసీల్లో లోపలి యూనిట్‌లోనే, గాలి పీల్చేచోట ఉంటుంది. అంటే పైకప్పుకు దగ్గర్లో. యూనిట్ ముందు బీరువా గానీ కర్టెన్ గానీ అడ్డుంటే చల్లగాలి తిరిగి అక్కడికే వెళ్లి, గది చల్లబడిపోయిందనుకుని ఏసీ ముందే ఆగిపోతుంది. "26లో పెడితే ఉక్కపోస్తోంది" అనే ఇళ్లలో ఒకసారి ఇది చూడాలి. అడ్డు తీసి, గాలి రెక్కలు నేలకు సమాంతరంగా ఉంచండి. చల్లగాలి దానంతటదే కిందికి దిగుతుంది. మంచం ఎత్తులో ఒక థర్మామీటర్ పెట్టుకుని, ఇకపై ఆ అంకెనే నమ్మండి.

అసలు సాయం సీలింగ్ ఫ్యాన్‌ది. గాలి ఒంటికి తగులుతుంటే 27 డిగ్రీలు కూడా 24, 25లా అనిపిస్తుంది. పాత ఫ్యాన్ 70 వాట్ల దాకా లాగుతుంది, తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్ల చుట్టుపక్కల. ఒక లెక్క చూడండి. 1500 వాట్లు లాగే మామూలు ఏసీలో, 8 గంటల్లో కంప్రెసర్ తిరిగే సమయం 60 శాతం నుంచి 45కి తగ్గితే ఖర్చు 7.2 యూనిట్ల నుంచి 5.4కి దిగుతుంది. పాత ఫ్యాన్ 8 గంటలకు 0.56 యూనిట్ తిన్నా 1.2 యూనిట్లకు పైగా మిగులుతుంది. ఫ్యాన్ గాలిని చల్లబరచదు కాబట్టి మనుషులు లేని గదిలో అది తిరగడం దండగ.

ఒకేసారి 22 నుంచి 27కి ఎగబాకితే మర్నాడే ఇంట్లోవాళ్లు రిమోట్ లాక్కుంటారు. రెండు మూడు రాత్రులకు ఒక్కో డిగ్రీ పెంచండి, 25 దగ్గర ఫ్యాన్ మొదలుపెట్టండి. 20లో పెట్టి మందపాటి రగ్గు కప్పుకునే అలవాటుంటే, ముందు రగ్గు మార్చి పల్చటి దుప్పటి పెట్టుకోవడం సులువు. రాత్రి గడిచేకొద్దీ ఒంటి వేడీ బయటి వేడీ తగ్గుతాయి కాబట్టి, స్లీప్ మోడ్ వాడితే మొదటి గంటల్లో అదే ఒకటి రెండు డిగ్రీలు పెంచుతుంది. పసిపిల్లలు, బాగా వయసు మళ్లినవారు, జబ్బుపడినవారు ఉన్న గదిలో మాత్రం ఆదా కోసం పట్టుబట్టొద్దు.

వానాకాలం లెక్క వేరు. కంప్రెసర్ ఎక్కువసేపు ఆగితే గాలిలో తేమ తగ్గదు. పైగా లోపలి ఫ్యాన్ తిరుగుతూనే ఉంటే కాయిల్ మీది నీళ్లు ఆవిరై మళ్లీ గదిలోకే వస్తాయి. తేమ 60 శాతం దాటి ఒళ్లు జిగటగా ఉంటే తేమ తీసే డ్రై మోడ్ పెట్టండి, లేదా ఏసీ ఫ్యాన్ వేగం తగ్గించి ఒక డిగ్రీ దించండి. ఆ రోజుల్లో 26 చాలు.

ఎంత మిగిలిందో తెలియాలంటే నెల బిల్లు చూస్తే సరిపోదు, అందులో ఇల్లంతా కలిసి ఉంటుంది. ఏసీ ఒక్కటే ఎంత కరెంటు వాడిందో చూపే, దానికి తగిన 16 ఆంపియర్ల ఎనర్జీ మీటర్ ప్లగ్ వాడండి. అది లేకపోతే గీజర్, మోటార్ వేయకుండా రాత్రి పడుకునే ముందు, లేచాక ఇంటి మీటర్ రీడింగ్ రాసుకోండి. ఒక్కో సెట్టింగ్‌కి కనీసం మూడు రాత్రులు చూడండి. బయటి వేడి రెండు డిగ్రీలకు మించి మారిన రాత్రిని లెక్కలోంచి తీసేయండి.