జీడిపిక్కల తూకాలు మొదలయ్యే ముందు రెడ్యూస్‌ను ఒకసారి చూడండి

మార్చి వచ్చిందంటే ఉద్దానం తోటల్లో జీడిపిక్కల పని ఊపందుకుంటుంది. పలాస, కాశీబుగ్గ వైపు వ్యాపారులకు తూకం ప్రోగ్రాములు రాసిపెట్టే మనం ఆలోపే ఒక పని ముగించాలి. బస్తాల బరువులను రెడ్యూస్‌తో (వరుసలోని విలువలన్నిటినీ ఒకే ఫలితంగా మార్చే ఫంక్షన్‌తో) కలిపే చోట, మొదటి విలువగా ఏ టైపు (పూర్ణాంకం, దశాంశం వంటి విలువ రకం) ఇచ్చామో చూసుకోవాలి.

ముందు సీ ప్లస్ ప్లస్ సంగతి, ఎందుకంటే అక్కడ తప్పు చప్పుడు చేయదు. అక్కడ రెడ్యూస్ పని చేసే అక్యుములేట్‌కు మొదటి విలువ 0 అని ఇస్తే, బరువులు దశాంశాల్లో ఉన్నా మొత్తం మాత్రం పూర్ణాంకంగానే నడుస్తుంది. 79.6, 80.7, 78.9 కిలోల మూడు బస్తాలు వచ్చాయనుకోండి. మొదటి బస్తాకే మొత్తం 79కి దిగుతుంది. రెండోది కలిపితే 159, మూడోదానికి 237. అసలు తూకం 239.2. రైతుకు 2.2 కిలోలు పోయాయి, ఏ హెచ్చరికా లేకుండా. 0 బదులు 0.0 అని రాస్తే చాలు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు తోటలు పోగొట్టుకున్న ఊళ్లివి. ఇక్కడ రెండు కిలోలను చిన్న తేడా అని నేను అనలేను.

జావాస్క్రిప్ట్‌లో రెడ్యూస్‌కు మొదటి విలువ ఇవ్వకపోతే అర్రేలోని (విలువల వరుసలోని) మొదటి అంశమే మొత్తంగా కూర్చుంటుంది. వట్టి అంకెలైతే ఇబ్బంది లేదు. కానీ మనం దాచేది పేరు, తేదీ, బరువు ఉన్న ఆబ్జెక్టును. దానికి రెండో బస్తా బరువు కలిపితే అంకెకు బదులు అతుకుల స్ట్రింగ్ (అక్షరాల వరుస) వస్తుంది. ఒక్క బస్తా తెచ్చిన రైతు విషయంలోనైతే రెడ్యూస్‌కు మీరిచ్చిన కూడిక ఫంక్షన్ అసలు నడవదు, ఆ ఆబ్జెక్టే తిరిగి వస్తుంది. ఇంకా ఎవరూ రాని ఉదయం, ఖాళీ అర్రే దగ్గర టైప్ ఎర్రర్‌తో ఆగిపోతుంది. నిండుగా ఉన్న నిరుటి డేటాతో పరీక్షిస్తే ఈ చివరి రెండూ బయటపడవు.

0 ఇచ్చాం కదా అని ఊరుకోకండి. ఫారంలో కొట్టిన బరువు స్ట్రింగ్‌గా వస్తుంది. 0కి దాన్ని కలిపితే "079.6", ఆపైన "079.680.7". కలిపే ముందే నంబరుగా మార్చండి.

జావాస్క్రిప్ట్‌కు టైపుల తనిఖీ చేర్చిన టైప్‌స్క్రిప్ట్ వీటిలో చాలావాటిని ముందే పట్టిస్తుంది. అయితే ఖాళీ అర్రేను మొదటి విలువగా ఇస్తే, స్ట్రిక్ట్ ఆప్షన్‌లో దాన్ని నెవర్ అర్రేగా (ఏ విలువా పట్టనిదిగా) తీసుకుని, అందులో ఏమీ చేర్చనివ్వదు. విసుగుతో ఎనీ (ఏ టైపైనా సరే) అని రాసి నోరు మూయించకండి. రెడ్యూస్ పక్కన కోణపు బ్రాకెట్లలో ఫలితం టైపు రాయండి.

కాటా పెట్టే ముందురోజు పై మూడు తూకాలూ ఇచ్చి చీటీ తీయండి. మొత్తాన్ని ఒక దశాంశ స్థానానికి సవరిస్తే 239.2 పడాలి. పడకపోతే, సరిదిద్దేవరకు చేతిలెక్కతోనే కొనమని వ్యాపారికి చెప్పండి.