పాత ఫోటోలో కెమెరా నిలబడిన చోటు పట్టుకోవడం ఎలా

ఊరి పాత ఫోటో చేతికి రాగానే చాలామంది అందులోని మేడల పేర్లు వెతుకుతారు. దానికంటే ముందు కెమెరా ఎక్కడ పెట్టి తీశారో తేల్చుకోండి. ఆ చోటు దొరికితే వీధి ఎంత వెడల్పయిందో, ఏ మేడ పోయిందో, ఏ మేడకు అంతస్తు పెరిగిందో కొలిచి చెప్పవచ్చు. దొరకనంతకాలం చెప్పేదంతా ఊహే.

ముందు మంచి స్కాన్ కావాలి. 5×7 అంగుళాల ప్రింటును 600 డీపీఐలో (అంగుళానికి 600 పిక్సెళ్ల చొప్పున) స్కాన్ చేస్తే 3,000×4,200 పిక్సెళ్లు వస్తాయి. ప్రింటు పదునుగా ఉంటే దుకాణాల బోర్డులు చదవడానికి సాధారణంగా అది చాలు. అరచేతిలో ఇమిడే కార్డు ఫోటోలకు 1,200, 35 మి.మీ. నెగెటివ్‌కు 3,000కు పైన పెట్టండి. స్కాన్‌ను టిఫ్ (నాణ్యత తగ్గించని) ఫైలుగా ముట్టుకోకుండా దాచి, నకలు మీద పని చేయండి. వెనక వైపు కూడా స్కాన్ చేయాలి. స్టూడియో ముద్ర, పెన్సిల్ రాత, తపాలా ముద్ర ఉండేది అక్కడే. భూతద్దంలో చుక్కలు కనిపిస్తే అది పత్రికలోనో పుస్తకంలోనో అచ్చయిన బొమ్మ. ఎంత డీపీఐ పెంచినా చుక్కలే పెద్దవవుతాయి, అసలు ప్రింటు వెతుక్కోవాల్సిందే. స్పష్టత పెంచుతామనే, రంగులద్దే ఏఐ యాప్‌లను ఈ పనికి దగ్గరికి రానీయకండి. మసక అక్షరాన్ని చదవలేక అవి తమకు తోచిన అక్షరాన్ని గీసేస్తాయి.

తర్వాత బొమ్మ కుడి ఎడమలు తారుమారైందేమో చూడండి. డాగెరోటైపుల్లో (వెండి పూత ప్లేటు మీదే నేరుగా తీసిన తొలినాటి ఫోటోల్లో) చాలా వరకు అద్దంలో బొమ్మలాగే ఉంటాయి. గాజు నెగెటివ్‌ను తిప్పి పెట్టి అచ్చు తీసినా ఇదే జరుగుతుంది. బోర్డుల మీది అక్షరాలు చాలు పట్టుకోవడానికి. వాహనాలు ఏ పక్కన నడుస్తున్నాయో చూసి మాత్రం తీర్మానించకండి: స్వీడన్ 1967 సెప్టెంబరు 3న ఎడమ నుంచి కుడికి మారింది, దానికి ముందు ఫోటోలో ఎడమన వెళ్లే కారు తిన్నగానే ఉన్నట్టు.

కాలం తేల్చడానికి రెండు హద్దులు కావాలి. ఫోటోలో కనిపించే వాటిలో అన్నిటికంటే కొత్తది ముందు హద్దు (ఫోటో దానికంటే పాతది కాదు), తర్వాత కూల్చేసిన వాటిలో అన్నిటికంటే ముందు పోయినది వెనక హద్దు (ఫోటో దానికంటే కొత్తది కాదు). ఒక గోపురం 1896లో పూర్తయి, ఎదుటి మేడ 1904లో పడగొట్టారనుకోండి, ఫోటో ఆ మధ్యది. దుకాణం పేరు కనబడితే ఆ కాలపు వీధుల డైరెక్టరీలు తిరగేసి హద్దులను ఇంకా దగ్గరికి లాగవచ్చు. పోస్టుకార్డు అయితే వెనక చూడండి: చిరునామాకూ ఉత్తరానికీ మధ్య గీత గీసి పంచడాన్ని బ్రిటన్ 1902లో, ఫ్రాన్స్ 1904లో, అమెరికా 1907లో అనుమతించాయి. తపాలా ముద్ర తేదీ వెనక హద్దు మాత్రమే, ఎందుకంటే పాత నెగెటివ్‌తో ఏళ్ల తరబడి కార్డులు అచ్చు వేసేవారు. చేత్తో రంగులద్దిన కార్డులో రంగును అసలు నమ్మకండి.

ఖాళీ వీధి కనిపిస్తే ఆ రోజు జనం లేరని రాసేయకండి. 1838లో డాగెరోటైపు కనిపెట్టిన డాగెర్ పారిస్‌లో బులెవార్డ్ ద్యు తాంప్ల్‌ను తీసినప్పుడు ప్లేటుకు నిమిషాల కొద్దీ వెలుగు కావాల్సి వచ్చింది. కదిలే బళ్లూ మనుషులూ చెరిగిపోయి, బూట్లు పాలిష్ చేయించుకుంటూ కదలకుండా నిలబడ్డ మనిషి ఆకారమే మిగిలింది. తొలినాటి ప్లేట్లు నీలి వెలుగునే ఎక్కువగా పట్టేవి. అందుకే ఆకాశం తెల్లగా, ఎర్ర ఇటుక నల్లగా వస్తుంది.

ఇక అసలు పని. ప్రింటు తీసుకుని వీధిలోకి వెళ్లండి. ఇప్పటికీ మిగిలి ఉన్నవాటిలో దగ్గరది ఒకటి, దూరపుది ఒకటి ఎంచుకోండి. ఉదాహరణకు మూలమేడ అంచు, దాని వెనక కనిపించే గోపురం. ఫోటోలో ఆ అంచు గోపురాన్ని ఎక్కడ కోస్తోందో గుర్తుపెట్టుకుని, ఇప్పుడు చూడండి. అంచు ఫోటోలో కంటే ఎడమకు జరిగినట్టుంటే మీరు కుడికి ఎక్కువ వచ్చేశారు, ఎడమకు నడవండి. దగ్గరది ఎటు జరిగిందో మీరూ అటే జరగాలి. ఇలాంటి జంట ఇంకొకటి, వీలైనంత వేరే దిక్కులో, దొరికితే పటం మీద ఒక్కో జంటలోని రెండింటినీ కలుపుతూ గీత గీసి, మీవైపుకు పొడిగించండి. ఆ రెండు గీతలూ కలిసే చోటే కెమెరా ఉన్న చోటు. రెండు జంటలూ దాదాపు ఒకే దిక్కున ఉంటే గీతలు సన్నటి కోణంలో కలిసి, తప్పు చాలా మీటర్లకు పెరుగుతుంది.

రెండో జంట దొరకకపోతే ఎత్తులు కొలవండి. ప్రింటులో దగ్గరి తలుపు 30 మి.మీ., దూరపు గోపురం 15 మి.మీ. ఉంటే నిష్పత్తి 2. మీ ఫోన్ బొమ్మలో అదే నిష్పత్తి 2.3 వచ్చిందంటే మరీ దగ్గరకొచ్చారు, వెనక్కి నడవండి. లెన్సు మారినా ఈ నిష్పత్తి మారదు, నిలబడ్డ చోటు మారితేనే మారుతుంది. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు: జూమ్ చేసి ఫ్రేము సరిపెట్టేసి, చోటు దొరికిందనుకుంటారు.

కెమెరా ఎత్తు సంగతి. వీధి చదునుగా ఉంటే దూరానికి పోయే చూరుల గీతలనూ కాలిబాట అంచులనూ పొడిగించండి, అవి కలిసే మట్టమే కంటిచూపు గీత. అది నడిచే మనుషుల తలల మీదుగా పోతే నేల మీద నుంచి తీశారు. మేడ మీది కిటికీల గుండా పోతే ఎదుటి మేడ ఎక్కి తీశారు. ఆ గీత బొమ్మ నడిమధ్యన లేదని కంగారు పడకండి. పెద్ద కెమెరాల్లో లెన్సును మాత్రమే పైకి జరిపే ఏర్పాటు ఉండేది, గోడలు వాలకుండా గోపురం కొస దాకా పట్టడానికి.

నీడలు చూస్తే పూట తెలుస్తుంది, అవి ఉదయానివో సాయంత్రానివో చెప్పాలంటే వీధి దిక్కు తెలియాలి. గడియారాల దుకాణం ముందు వేలాడే గడియారం బోర్డు మీది బొమ్మే కావచ్చు, దాని టైము పట్టించుకోకండి.

కొత్త ఫోటో తీసేటప్పుడు కెమెరాను మట్టంగా ఉంచి, అవసరమైనదానికంటే వెడల్పుగా తీసి తర్వాత కత్తిరించండి. ఆకులు రాలే కాలంలో తీస్తే చెట్ల వెనక మేడలు బయటపడతాయి. అక్కడే నిలబడి అక్షాంశ రేఖాంశాలు, తేదీ, గంట, కెమెరా ఎత్తు రాసుకోండి. అసలు ప్రింటు వెనక రాయాల్సి వస్తే మెత్తటి పెన్సిల్‌తో, అంచున, అదిమి పట్టకుండా రాయాలి. బాల్‌పెన్ అచ్చు ముందువైపుకు తేలుతుంది. ప్రింటు మీద ముందే ఉన్న పేరును చెరపకండి, తప్పని తేలినా సరే. మీ నిర్ధారణను పక్కన వేరే కాగితం మీద, దేన్ని చూసి అలా అన్నారో చెబుతూ రాయండి.