రిఫరల్ కావాలా? బాబాయిని వదిలెయ్యండి, ముఖపరిచయం ఉన్నోణ్ణి పట్టుకోండి

రిఫరల్ అంటే కంపెనీలో పనిచేసేవాడు మన పేరు లోపల చెప్పి పెట్టడం. మా భీమవరం పక్క ఊళ్ళల్లో బీటెక్ అయ్యి ఖాళీగా ఉన్న కుర్రాడికి అందరూ చెప్పే మాట ఒకటే అండీ, "హైదరాబాద్‌లో మీ బాబాయి ఉన్నాడుగా, ఫోన్ చెయ్". నేనూ అదే చేశా, ఎనిమిది నెలలు బాబాయి వెంట, మేనమావ వెంట పడ్డా, పాపం ఇద్దరూ ట్రై చేశారు, కానీ ఇద్దరికీ తెలిసింది అదే కంపెనీ, అదే మేనేజరు. చివరికి ఖాళీ ఉందని చెప్పిందెవరంటే కేపీహెచ్‌బీ హాస్టల్లో రెండు నెలలు పక్క మంచం మీద పడుకున్న కుర్రాడు, నా ఫోన్లో ఆడి పేరు "హాస్టల్ అమలాపురం" అనే ఉండేది.

దీని మీద పెద్ద రీసెర్చే ఉందండోయ్. అమెరికాలో మార్క్ గ్రానోవెటర్ అని సోషియాలజీ ఆయన, బోస్టన్ పక్కన న్యూటన్ అనే ఊళ్ళో కొత్తగా ఉద్యోగం మారినోళ్ళని అడిగి 1973లో రాశాడు. తెలిసినోళ్ళ ద్వారా ఉద్యోగం దొరికినోళ్ళలో, ఆ తెలిసినోణ్ణి తరచూ కలిసేది 17 శాతం లోపే, మిగతా అందరికీ ఎప్పుడో ఓసారి కనపడే మనిషే చెప్పాడంట. మనకి ఇది అర్థం కాకపోవడానికేం లేదు, ఒకే తూము కింద చేలన్నిటికీ నీళ్ళు ఒకేసారి వస్తాయి, ఆగితే ఒకేసారి ఆగుతాయి, పక్క కాలువలో ఏముందో పక్క కాలువోడే చెప్పాలి. అలాగని ముక్కూమొహం తెలియనోడికి మెసేజ్ కొట్టినా లాభం తక్కువే, 2022లో వచ్చిన ఇంకో రీసెర్చ్‌లో, లింక్డ్‌ఇన్ అనే ఉద్యోగాల సైట్లో 2 కోట్ల మంది డేటా చూస్తే ఓ మోస్తరు పరిచయాలే ఎక్కువ పనిచేశాయి.

కాబట్టి ముందు ఫోన్ కాంటాక్ట్స్ పై నుంచి కింద దాకా చూడండి. సీనియర్లు, పాత రూమ్మేట్లు, ఆక్వా (చేపలు, రొయ్యలు) లైన్ అయితే మేత కంపెనీ సేల్స్ కుర్రాడు, చెరువు నీళ్ళు టెస్ట్ చేసే ల్యాబ్ టెక్నీషియన్. ఓ పదిహేను పేర్లు తేలతాయి.

ఇక అడగడం, ఇక్కడే అందరం చెడగొట్టుకుంటాం. "హాయ్ అన్నా, ఏమైనా జాబ్స్ ఉంటే చూడు" అంటే పని మొత్తం ఆయన నెత్తిన పెట్టినట్టే, చూసి వదిలేస్తాడు. ఇలా పెట్టండి: "అన్నా, నేను 2019లో హాస్టల్లో మీ పక్క రూమ్, భీమవరం కుర్రాణ్ణి. మీ కంపెనీ సైట్లో టెస్టింగ్ పోస్ట్ చూశా, జాబ్ ఐడీ ఇది. రెండేళ్ళు చేశా ఈ పని, రెజ్యూమే పీడీఎఫ్ పెట్టా. కుదరకపోతే పర్లేదన్నా." అంతే. అడగడానికి ముందే మీరు సైట్లో అప్లై చెయ్యకండి, చాలా కంపెనీల్లో అలా చేస్తే ఆ రిఫరల్ లెక్కలోకి రాదు.

ఆయన ఒప్పుకోవడానికి అసలు అడ్డం పరువు. కోల్‌కతాలో ఇద్దరు ఎకనామిస్టులు ఓ ప్రయోగం చేశారు, తెలిసినోళ్ళని పనికి తీసుకురమ్మన్నారు, తీసుకొచ్చిన మనిషి బాగా పనిచేస్తేనే ఎక్కువ డబ్బులు అనేసరికి జనం చుట్టాల్ని తగ్గించి, తమతో పనిచేసినోళ్ళని ఎక్కువ తెచ్చారు. అందుకే మీ పని చూపించే లింక్ ఒకటి కూడా పెట్టండి, రేపు మేనేజర్ అడిగితే ఆయన దగ్గర ఏదో ఒకటి ఉండాలిగా.

అమ్మాయిలకి మాత్రం ఈ దారి ఇరుకే, మలావీ దేశంలో ఇలాంటి ప్రయోగమే చేస్తే మగాళ్ళకి పనికొచ్చే ఆడోళ్ళు తెలిసినా మగాళ్ళ పేర్లే ఎక్కువిచ్చారంట. సీనియర్ అక్కల లైన్ విడిగా కట్టుకోండి.

కోనసీమ నుంచి కువైట్, మస్కట్ వెళ్ళేవాళ్ళకైతే ఒకటే మాట, తెలిసిన అక్కే కదా అని పాస్‌పోర్ట్ చేతిలో పెట్టెయ్యకండి, ఏజెంట్ పేరు ప్రభుత్వం వాళ్ళ ఈమైగ్రేట్ సైట్లో ఉందో లేదో చూసుకోండి, ఆళ్ళు తీసుకోవాల్సిన ఫీజు 30,000 రూపాయలు, పైన జీఎస్టీ, అంతకు మించి కాదు.

రిజెక్ట్ అయినా ఆ రిఫర్ చేసినోడికి చెప్పండి. నాది మొదటి కంపెనీలో రెండో రౌండ్‌లో పోయింది, సిగ్గుపడుతూనే "పోయిందన్నా" అని పెట్టా, రెండు వారాలకి ఆడే ఇంకో టీమ్ పోస్ట్ పంపాడు, అది వచ్చింది. ఆత్రేయపురం పూతరేకులు పట్టుకెళ్తే "నీ పేరేంట్రా అసలు, నా ఫోన్లో భీమవరం అనే ఉంది" అన్నాడు.