సిక్కు నిత్‌నేమ్ నేర్చుకుందాం – 4వ పాఠం: పడుకునే ముందు కీర్తన్ సోహిలా

నిత్‌నేమ్ అంటే సిక్కులు రోజూ చదివే ప్రార్థనలు. మొదటి పాఠంలో గురు గ్రంథ్ సాహిబ్ తొలి పలుకైన మూల్ మంతర్, తర్వాతి రెండింటిలో గురుముఖి లిపి అక్షరాలు, గుణింతాలు చూశాం. వాటిలో ఇంకా తడబాటు ఉన్నా ఈ పాఠం మొదలుపెట్టేయండి. అక్షరాలన్నీ పూర్తిగా వచ్చాకే గుర్బాణీ (గురువుల వాణి) చదువుదాంలే అనుకుంటే ఆ రోజు రానే రాదు, చదువుతూ ఉంటేనే అక్షరాలు కంటికీ నోటికీ అలవాటవుతాయి.

నిత్‌నేమ్ నేర్చుకోవాలనుకునే కొత్తవాళ్లలో చాలామంది నేరుగా పొద్దున చదివే జప్‌జీ సాహిబ్ పట్టుకుంటారు. అమృత్ వేళలో, అంటే తెల్లవారకముందే, లేవాలని చదివి ఉంటారు కాబట్టి నాలుగింటికి అలారం, చన్నీళ్ల స్నానం, 38 పౌడీలు (చరణాలు), ముందూ వెనకా సలోకులు (శ్లోకాలు). అలవాటున్నవాళ్లకే అది ఇరవై నిమిషాల పైమాట, అక్షరం అక్షరం కూడబలుక్కునేవాళ్లకు గంట పడుతుంది. ఆఫీసు టైమయిపోతోందని టెన్షన్, ఓ వారం తిరిగేసరికి అలారం ఆపేసి పడుకోవడం, ఆపైన మనవల్ల కాదులే అనే దిగులు. అందుకే రాత్రి నుంచి మొదలుపెట్టమని గట్టిగా చెబుతాను. 1945లో గురుద్వారాల నిర్వహణ చూసే శిరోమణి గురుద్వారా ప్రబంధక్ కమిటీ ఆమోదించిన రెహత్ మర్యాద (సిక్కుల నియమావళి) ప్రకారం పొద్దున జప్‌జీ, జాప్, పది సవయ్యాలు, సాయంత్రం రహిరాస్, పడుకునే ముందు సోహిలా చదవాలి. వీటిలో బాగా చిన్నవాటిలో సోహిలా ఒకటి. ఐదు శబద్‌లు (కీర్తనలు), అంతే. అలవాటయ్యాక ఐదారు నిమిషాలు చాలు. రోజంతా ఎలా గడిచినా రాత్రి పడుకోవడం మాత్రం ఎవరికీ తప్పదు కాబట్టి టైము దొరకలేదనే మాట కూడా ఉండదు.

సిక్కుల పవిత్ర గ్రంథం గురు గ్రంథ్ సాహిబ్ 1430 పుటలు. సిక్కులు పుట అనరు, 'అంగ్' అంటారు, గురువును సజీవంగా భావిస్తారు కాబట్టి. అందులో సోహిలా 12, 13 అంగ్‌లలో ఉంటుంది. జప్‌జీ, రహిరాస్‌లోని తొలి శబద్‌లు, సోహిలా, వీటి తర్వాత 14వ అంగ్ నుంచి రాగాల వారీగా మిగతా గ్రంథం మొదలవుతుంది. 1604లో గురు అర్జన్ దీని తొలి రూపమైన ఆది గ్రంథాన్ని కూర్చినప్పుడు రోజూ చదవాల్సినవాటిని ఇలా ముందే పెట్టారు. సోహిలాలోని ఐదు శబద్‌లు లోపల వాటి వాటి రాగాల్లో మళ్లీ కనిపిస్తాయి. ఉదాహరణకు మూడోదాన్ని ధనాసరి రాగంలో 663వ అంగ్‌లో చూడొచ్చు.

సోహిలాలో ప్రతి శబద్ పైనా రాగం పేరు, పక్కనే 'మహలా' అని ఒక అంకె ఉంటాయి. ఆ అంకె ఎన్నో గురువు రాశారో చెబుతుంది. 1 అంటే గురు నానక్, 4 అంటే గురు రామ్‌దాస్, 5 అంటే గురు అర్జన్. చివర్లో మాత్రం ఏ గురువు రాసినా ముద్ర 'నానక్' అనే ఉంటుంది, కాబట్టి ముద్రను బట్టి కాదు, అంకెను బట్టి గుర్తుపట్టండి. సోహిలాలో మొదటి మూడూ గురు నానక్‌వి, నాలుగోది గురు రామ్‌దాస్‌ది, ఐదోది గురు అర్జన్‌ది. కొన్ని పంక్తుల చివర 'రహాఉ' అని కనిపిస్తుంది. శబద్ అసలు సారం ఆ పంక్తిలోనే ఉంటుంది కనుక అర్థం చూసుకునేటప్పుడు ముందు అక్కడికి వెళ్లండి.

ఇక చదవడం. తెలుగువాళ్లకు ఇక్కడో చిక్కు ఉంది. రాసిన ప్రతి అక్షరాన్నీ పలకడం మనకు చిన్నప్పటి నుంచీ అలవాటు. గుర్బాణీలో పదం చివర ఉండే పొట్టి ఇకారం, ఉకారం చాలాచోట్ల వ్యాకరణం కోసం రాస్తారు, పైకి పలకరు. పుస్తకంలో 'తితు ఘరి' అని ఉంటే 'తిత్ ఘర్' అని చదవాలి. 'నాము' కనిపిస్తే 'నామ్'. అయితే 'గావహు' లాంటి క్రియల చివరి 'హు' వినిపిస్తుంది, 'హోఇ' లాంటివాటిలో ఇకారం 'హోయ్' అని వినిపిస్తుంది. సూత్రాలు బట్టీపట్టడం కంటే, నిదానంగా చదివే పాఠీ (గుర్బాణీ పఠించే వ్యక్తి) రికార్డింగ్ ఒకటి పెట్టుకుని, పుస్తకంలో ఆ పంక్తి మీద వేలు పెట్టి వినడం మేలు. ఇంటర్నెట్‌లో బోలెడు దొరుకుతాయి. పాడిన కీర్తన కాదు, చదివిన పాఠం ఎంచుకోండి, ఎందుకంటే కీర్తనలో పంక్తులు మళ్లీ మళ్లీ పాడతారు, కొత్తవాళ్లకు ఎక్కడున్నామో తెలియదు.

మొదటి శబద్ ఇలా మొదలవుతుంది:

జై ఘర్ కీరత్ ఆఖీఐ, కర్తే కా హోయ్ బీచారో
తిత్ ఘర్ గావహు సోహిలా, సివ్‌రిహు సిర్జణ్‌హారో

ఏ ఇంట్లో కర్త కీర్తిని చెప్పుకుంటారో, ఆయన్ని తలుచుకుంటారో, ఆ ఇంట్లో సోహిలా పాడండి, సృష్టికర్తను స్మరించండి అని. కీర్తి, కర్త, విచారం, స్మరణ, సృజన... సంస్కృతం నుంచి మనకూ వచ్చిన మాటలే, కాస్త వేషం మార్చుకుని కనిపిస్తున్నాయి. తెలుగు చదివినవాళ్లకు అర్థం సగం దూరం తనే నడిచి వస్తుంది, ఆ ధైర్యంతో ముందుకెళ్లండి.

సోహిలా అంటే పంజాబ్ పల్లెల్లో శుభకార్యాలప్పుడు, పెళ్లిళ్లప్పుడు ఆడవాళ్లు పాడే మంగళగీతం. ఈ శబద్‌లో గురు నానక్ ఎత్తుకున్నదీ పెళ్లే. ముహూర్తం రాసేశారు, అందరూ కలిసి గుమ్మంలో నూనె పోయండి, చెలులారా, నా స్వామితో కలిసేలా దీవించండి అని పెళ్లికూతురు అడుగుతుంది. ఆ వెంటనే, ఈ పిలుపు ఇంటింటికీ వెళ్తోంది, రోజూ ఎవరో ఒకరికి అందుతూనే ఉంది అంటారు. అప్పుడు తెలుస్తుంది మనకు, ఆ పెళ్లి మరణమని, శుభలేఖ ఏదో ఒక రోజు మన గడపకూ వస్తుందని. సిక్కుల అంత్యక్రియల్లో చితి అంటుకున్నాక చదివేదీ ఈ సోహిలానే. అమ్మ పిల్లల్ని పడుకోబెడుతూ చదివేదీ, కాష్ఠం దగ్గర నిలబడి చదివేదీ ఒకే పాఠం అని తెలిసినప్పుడు కొందరు భయపడతారు, అపశకునం అంటారేమో అని ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర దాస్తారు. దాచకండి. పుట్టింటి నుంచి అత్తింటికి వెళ్లడమే ఇక్కడ చావు. అందులో దుఃఖం ఉంది, భయం లేదు. ఇది మనసుకు పట్టాలంటే రోజూ రాత్రి చదవడం తప్ప వేరే దారి నాకు తెలియదు.

రెండోది చిన్నది. దర్శనాలు ఆరు, వాటి గురువులు ఆరుగురు, బోధలు ఆరు, అన్నిటి వెనకా ఉన్న గురువు మాత్రం ఒక్కడే. క్షణాలు, ఘడియలు, తిథులు, వారాలు, రుతువులు ఎన్నయినా సూర్యుడు ఒక్కడే అయినట్టు.

మూడోది దగ్గర ఆగాలి. సోహిలాలో ఇదొక్కటీ ముందు కంఠతా పట్టండి.

గగన్ మై థాల్, రవ్ చంద్ దీపక్ బనే, తారికా మండల్ జనక్ మోతీ

గురు నానక్ పూరీలో జగన్నాథుడి గుడికి వెళ్లినప్పుడు, అక్కడి హారతి చూసి చెప్పిన శబద్ ఇదని సంప్రదాయం. ఆకాశమే పళ్లెం, సూర్యచంద్రులే దీపాలు, నక్షత్రాలు అందులో పోసిన ముత్యాలు. మలయ పర్వతం గాలే ధూపం, పవనుడు చామరం వీస్తున్నాడు, అడవులన్నీ పూలు. ఇంత పెద్ద హారతి ప్రతిరోజూ జరుగుతుంటే ఇంకే హారతి ఇస్తాం అన్నది ప్రశ్న. మలయానిలం, చామరం అన్న మాటలు ప్రబంధాలూ అన్నమయ్య కీర్తనలూ తెలిసిన మన చెవికి కొత్తేం కాదు. వీలుంటే దీన్ని డాబా మీదో బాల్కనీలోనో నిలబడి చదవండి. హైదరాబాద్‌లో నక్షత్రాలు కనిపించడం కష్టమే కానీ చందమామ కనిపిస్తాడు, అది చాలు.

నాలుగోది కామక్రోధాలు కిక్కిరిసిన ఊరులాంటి ఈ శరీరం గురించి, సాధువుల సాంగత్యంలో అవి ముక్కలవడం గురించి. ఐదోది వినతి: మిత్రులారా వినండి, సంతుల సేవకు ఇదే వేళ, ఇక్కడే లాభం సంపాదించుకుని వెళ్లండి, పగలూ రాత్రీ ఆయుష్షు తరిగిపోతోంది. ఈ 'సేవకు ఇదే వేళ' అన్నదాన్ని పాఠంలోనే వదిలేయకండి. ఈ వారం గురుద్వారాకు వెళ్లి ఒక పని చేయండి: లంగర్‌లో (అందరికీ ఉచితంగా భోజనం పెట్టే వంటశాలలో) గిన్నెలు కడగడం, రొట్టెలు ఒత్తడం, గుమ్మం దగ్గర చెప్పులు సర్దడం, ఏదైనా. హైదరాబాద్‌లో అయితే అమీర్‌పేట, అఫ్జల్‌గంజ్, అత్తాపూర్ దగ్గరి సిక్ ఛావనీ గురుద్వారాలున్నాయి. నిజాం కాలంలో సైన్యంతో వచ్చి ఇక్కడే స్థిరపడిన సిక్కు కుటుంబాల వాళ్లు మీతో చక్కగా తెలుగులోనే మాట్లాడతారు, ఉచ్చారణ సందేహాలుంటే మొహమాటపడకుండా అడగండి. ఉత్తర తెలంగాణ వాళ్లకు నాందేడ్ పక్కనే. బాసర దగ్గర మనం చూసే గోదావరి 1708లో గురు గోబింద్ సింగ్ చివరి రోజులు గడిపిన, గ్రంథాన్నే ఇకపై గురువుగా నిలిపిన ఆ ఒడ్డు మీదుగానే వస్తోంది.

చదివే పద్ధతి కూడా చెప్పేస్తాను. పళ్లు తోముకుని, కాళ్లూ చేతులూ కడుక్కుని, తల కప్పుకోండి. రుమాలు, చున్నీ, శుభ్రమైన కండువా ఏదైనా సరే. చెప్పులు వదిలి, నేల మీదో మంచం మీదో నిటారుగా కూర్చోండి. నిత్‌నేమ్ చిన్న పుస్తకాన్ని గుట్కా సాహిబ్ అంటారు, దాన్ని గుడ్డలో చుట్టి ఎత్తయిన చోట పెట్టాలి, దిండు కిందో కాళ్ల వైపో పెట్టకూడదు. ఫోన్‌లో చదివినా తప్పులేదు, కానీ నోటిఫికేషన్లు ఆపేయండి. మధ్యలో ఒక మెసేజ్ వచ్చిందంటే మూడో శబద్ దగ్గర ఉన్న మనసు మళ్లీ వెనక్కి రాదు. అయ్యాక కళ్లు మూసుకుని ఆ రోజుకు మీ మాటల్లోనే దండం పెట్టుకోండి, తెలుగులోనే. సిక్కులు చెప్పుకునే ప్రార్థన అర్దాస్ పూర్తి పాఠం తర్వాత నేర్చుకుందాం.

ఈ వారం మొదటి మూడు రోజులు మొదటి శబద్ ఒక్కటే, పుస్తకం చూస్తూ, రికార్డింగ్‌తో పాటు పైకి చదవండి. నాలుగో రోజు నుంచి రెండోది, మూడోది కలపండి. మిగతా రెండింటికీ ఇంకో వారం తీసుకోండి. ఏ రాత్రయినా నిద్ర ముంచుకొస్తే 'గగన్ మై థాల్' ఒక్కటి చదివి పడుకోండి, మర్నాడు మాత్రం మళ్లీ మొదటి నుంచి. ఐదూ తడుముకోకుండా వచ్చాకే 5వ పాఠానికి రండి, అందులో రహిరాస్ సాహిబ్ మొదలుపెడదాం. అది సాయంత్రం దీపాలు పెట్టే వేళది, దీనికంటే బాగా పెద్దది.