మిక్సర్‌తో రికార్డింగ్ సాఫ్ట్‌వేర్: కూత రాకుండా కలపడం

మిక్సర్ మెయిన్ అవుట్‌ని (అన్ని చానళ్లూ కలిసి బయటికి వచ్చే చోటు) రికార్డింగ్‌కి ఇవ్వకండి. ఇస్తే కంప్యూటర్‌లో మోగుతూ మిక్సర్‌లోకి వచ్చే పాత ట్రాక్ కూడా కొత్త ట్రాక్‌లో పడుతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఇన్‌పుట్ మానిటరింగ్ (లోపలికి వచ్చే శబ్దాన్ని వెంటనే తిరిగి వినిపించడం) ఆన్‌లో ఉంటే సిగ్నల్ చుట్టూ తిరిగి కూత పెడుతుంది. మైక్‌ని ప్రీ-ఫేడర్ ఆక్స్ సెండ్ (వాల్యూమ్ స్లైడర్ అయిన ఫేడర్‌కి ముందే సిగ్నల్‌ని విడిగా బయటికి పంపే దారి) ద్వారా ఇంటర్‌ఫేస్ (శబ్దాన్ని కంప్యూటర్‌లోకి, బయటికి పంపే పరికరం) లైన్ ఇన్‌పుట్‌కి పంపండి. ఫేడర్ కదిపినా రికార్డింగ్ మారదు.

ఇంటర్‌ఫేస్ అవుట్ 1-2ని టీఆర్‌ఎస్ కేబుళ్లతో (ప్లగ్‌లో మూడు కాంటాక్టులు ఉండేవి) మిక్సర్ స్టీరియో చానల్‌కి కలిపి, పాత ట్రాక్ మళ్లీ రికార్డింగ్‌లోకి వెళ్లకుండా ఆ చానల్ ఆక్స్ నాబ్‌ని పూర్తిగా మూసేయండి. అందరూ మరిచేది ఇదే.

గట్టిగా పాడించి గెయిన్ (మైక్ సిగ్నల్‌ని ఎంత పెంచాలో చెప్పే నాబ్) పెట్టండి: 24-బిట్ రికార్డింగ్‌లో సాఫ్ట్‌వేర్ మీటర్‌పై సగటు -18, గరిష్ఠం -6 డీబీ చాలు. గాయకులు మిక్సర్ నుంచే వింటారు, కాబట్టి సాఫ్ట్‌వేర్ ఇన్‌పుట్ మానిటరింగ్ ఆపండి. లేదంటే గొంతు జంటగా, డొల్లగా వస్తుంది.

హమ్ (ఆగకుండా గుయ్‌మనే శబ్దం) వస్తే మిక్సర్‌నీ కంప్యూటర్‌నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కి పెట్టండి. ఎర్త్ పిన్ మాత్రం ఎప్పుడూ తీయకండి, ప్రాణాపాయం.