మామ్మని 'నువ్వు' అంటే తప్పా? చిన్నపిల్లల మర్యాదల్లో వచ్చే చిక్కులు

విజయనగరంలో సిరిమానోత్సవానికి చుట్టాలు దిగినప్పుడో, సంక్రాంతికి టెక్కలి వైపు సొంతూరు వెళ్లినప్పుడో నాలుగైదేళ్ల పిల్లల మర్యాద గురించి పెద్దవాళ్ల మధ్య మాట పట్టింపులు వస్తుంటాయి. చాలాసార్లు తప్పు పిల్లలది కాదు. రెండిళ్ల పద్ధతులు వేరని వాళ్లకి ఎవరూ చెప్పకపోవడమే అసలు ఇబ్బంది.

సమస్య: ఒకరింట్లో 'నువ్వు' అంటే కోపం, ఇంకొకరింట్లో 'మీరు' అంటే చిన్నబుచ్చుకోవడం

కారణం: శ్రీకాకుళం పల్లెల్లో చాలా ఇళ్లలో తాతనీ మామ్మనీ 'నువ్వు' అనే అంటారు. "ఏటి తాతా, తిన్నావా?" అంటే అందులో అగౌరవం లేదు, చనువు ఉంది. అక్కడ 'మీరు' అంటే, "పరాయివాళ్లలా మాట్లాడుతోందేటి?" అని మామ్మ బాధపడుతుంది. టౌన్‌లోని అమ్మమ్మగారింట్లో 'గారు', 'అండి' లేకపోతే పెంపకం సరిగా లేదంటారు. మధ్యలో నలిగేది పిల్ల.

పరిష్కారం: అందరికీ ఒకటే రూల్ పెట్టకండి. మనిషిని బట్టి చెప్పండి. "ఊళ్లో తాతని నువ్వు అను. ఇక్కడి తాతగారిని మీరు అను. టీచర్‌నీ, కొత్తవాళ్లనీ మీరు అనాలి." పిల్లలకి ఇది మనం అనుకున్నంత కష్టం కాదు. నాలుగేళ్ల పిల్ల కూడా చంటిపాపతో ఒకలా, అమ్మతో ఒకలా మాట్లాడుతుంది. సందేహం ఉంటే పెద్దవాళ్లనే అడిగేయండి: "అత్తయ్యా, మనవరాలు మిమ్మల్ని ఎలా పిలిస్తే మీకు బాగుంటుంది?" అడిగినందుకే సగం కోపం పోతుంది.

ఇంకో మాట. మనం ఆటో అతన్ని "ఏయ్" అని పిలుస్తూ, పిల్లాణ్ని మాత్రం "అండి అను" అంటే వాడికి రాదు. కూరగాయలమ్మే ఆవిడతో "ఎంతండీ?" అని మనం అడగడం వాడు రోజూ వినాలి.

సమస్య: నమస్కారం పెట్టమంటే అమ్మ వెనక దాక్కోవడం

కారణం: గుమ్మంలో అడుగు పెట్టగానే పదిమంది కళ్లు వాడి మీదే. పైగా "పెట్టు, పెట్టు" అని ఆర్డర్. అది పొగరు కాదు, బెదురు.

పరిష్కారం: దారిలోనే చెప్పండి, అక్కడ ఎవరెవరు ఉంటారో, ఎవరు ఏమవుతారో. చుట్టాలు మన ఇంటికే వస్తే చేతికి ఏదైనా పని ఇవ్వండి. స్టీలు గ్లాసులో సగమే నీళ్లు పోసి, రెండు చేతులతో పట్టుకుని మావయ్యకి ఇచ్చి రమ్మనండి. తొణక్కుండా తీసుకెళ్లాలన్న ధ్యాసలో బెదురు తగ్గుతుంది. ఆయన "మంచిదమ్మా" అంటే ఆ రోజుకి అది చాలు. అప్పటికీ పెట్టకపోతే మీరు నమస్కారం పెట్టి లోపలికి నడవండి. "మావాడికి సిగ్గండీ" అని అందరికీ చెప్పకండి, వాడు దాన్నే పట్టుకుంటాడు.

సమస్య: వెళ్లేటప్పుడు చేతిలో పెట్టే డబ్బులు

కారణం: ఒకవైపు "తీసుకోకూడదు" అని నేర్పుతారు. ఇంకోవైపు వద్దంటే పెద్దరికాన్ని కాదన్నట్టే.

పరిష్కారం: భార్యాభర్తలు బయల్దేరేముందే ఒక మాట అనుకోండి. పిల్లలకి ఒకటే చెప్పండి: "అమ్మ వైపు చూడు. తలూపితే కుడిచేత్తో తీసుకుని దండం పెట్టు."

సమస్య: ఎడమచేత్తో ఇవ్వడం, తీసుకోవడం

ఎడమచేతి వాటం పుట్టుకతో వచ్చేది, తిట్టి మార్చొద్దు. రాతకి, బొమ్మలకి ఆ చెయ్యే ఉండనివ్వండి. ప్రసాదం తీసుకునేటప్పుడు, పెద్దలకి ఏదైనా ఇచ్చేటప్పుడు మాత్రం కుడిచెయ్యి అని నెమ్మదిగా గుర్తుచేస్తే చాలు.

సమస్య: పిల్ల ముందే పెద్దవాళ్ల వాదన

కారణం: "మీవైపు ఇంతే" అన్న మాట. అది విన్న పిల్లకి మర్యాద అంటే గొడవ అని అర్థమవుతుంది.

పరిష్కారం: నలుగురిలో దిద్దకండి, పక్కకి తీసుకెళ్లి చెవిలో చెప్పండి. పెద్దవాళ్లతో ఎవరి వైపు వాళ్లే మాట్లాడుకోవాలి. అత్తగారికి కోడలు చెప్పే కంటే, "అమ్మా, దానికి నేను చెప్తాను, నువ్వు అందరి ముందూ అనకు" అని కొడుకు చెప్తేనే ఆవిడ వింటుంది.